కంఠమున ధరించెడి రాయి

నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టసీమలలో రాతికి కొదువ లేదు. దారిప్రక్కన ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన గుండ్లు, చేని గట్టున హద్దురాళ్లు, వాకిట రోలు, వంటయింట సన్నెకల్లు, ఊరి నడుమ బొడ్రాయి, గుడిముంగిట ధ్వజస్తంభము: పుట్టినది మొదలు గిట్టువరకు ఈ సీమవాని బ్రదుకు రాతితో ముడివడి యున్నది. ఈ రాళ్లను గూర్చి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మాటలాడుచునే యుందురు. మేము నేడు ప్రసంగింపదలచినది వీనియన్నిటిలో మిక్కిలి చిన్నదగు రాతిని గూర్చి. అది పోకకాయ కంటె పెద్దది కాదు. నేలపై నుండదు, మనుష్యుని ఱొమ్ముపై నుండును. దానిని ధరించినవారు దినదినము చూచుచునే యుందురు గాని, ఉలి మలచిన దాని రూపమును మాత్రము వారును చూడరు. అది ఇష్టలింగము.

మెడలో రాతిని ధరించెడి అలవాటు మన కొక్కరికే కలదని తలపరాదు. భూగోళమున మనకు ఆవలి మూలనున్న న్యూజిలాండు ద్వీపములలో మావోరీలను జాతివారు ఆకుపచ్చని రాతిని చెక్కి పతకములుగా కంఠమున వ్రేలాడగట్టుకొందురు. ఆ పతకములు లోకప్రసిద్ధములు. వానిని గూర్చి పెద్ద గ్రంథము లున్నవి. వానికై దేశదేశముల ప్రదర్శనశాలలలో అద్దపు పెట్టె లున్నవి. మన ఇష్టలింగమునకు అట్టి ప్రసిద్ధి రాలేదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, దినమును కన్నుల యెదుట నున్నందున మనము చూడక విడిచిన సంగతులు కొన్ని కనబడునని మాకు తోచినది.

ముందుగా మన సీమలో రాతిపని యెంత పాతదో కొంచెము చెప్పవలెను. పాత మహబూబ్‌నగరు జిల్లాలో ఉట్నూరు అను గ్రామము కలదు. ఆదిలాబాదు మన్యములోని ఉట్నూరు వేఱు, ఇది వేఱు. ఇచ్చట నున్న బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పురాతత్త్వవేత్త త్రవ్వించెను. నాలుగువేల యేండ్లకు పైబడిన కాలమున ఆలమందలను కాచుకొని బ్రదికినవారు, దొడ్లలో పేరుకొన్న పేడను మరలమరల కాల్చగా ఆ దిబ్బ యేర్పడినదని తేలినది. వారి గొడ్డలి రాతిది. నల్లని గట్టిరాతిని ముందు పగులగొట్టి, పిమ్మట చిన్నచిన్న దెబ్బలతో ఎగుడుదిగుడులు పోగొట్టి, తుదకు బండపై నీరు చల్లి నూరి నునుపు తేర్చిన గొడ్డలి అది. దక్షిణాపథమున అనేక పల్లెలలో నాగలిచాలున ఇట్టి గొడ్డళ్లు బయల్పడినపుడు రైతులు వానిని పారవేయక, చెట్టుక్రింది దేవత ముంగిటనో శివాలయపు అరుగుపైననో నిలిపి కొలుచుచుండిరని పందొమ్మిదవ శతాబ్దినుండియు పురాతత్త్వవేత్తలు వ్రాయుచు వచ్చిరి. కొయ్య నరికిన పనిముట్టు కొంతకాలమునకు కొలువదగిన రాయి యైనది. ఈ మాటను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మావోరీల కడ దీనికి జోడు కనబడనున్నది.

తరువాతి కాలపు జనులు రాతిని మెడకెక్కించుకొనిరి. రాక్షసగుళ్లని ప్రజలు పిలుచు పెద్దరాతి సమాధులలోను, నాగార్జునసాగర జలములలో మునుగక పూర్వము త్రవ్విన యేలేశ్వరము, నాగార్జునకొండ వంటి చోట్లను రంగురాళ్ల పూసలు లభించినవి. ఎఱ్ఱని కెంపురంగు రాతికి, చారల రాతికి దారము దూరునంత సన్నని బెజ్జము వేయుట సామాన్యమైన పని కాదు. అయినను ఆ పూసల సంగతి ఇచ్చట విస్తరింపము. పూస అలంకారము. మేము చెప్పదలచినది అలంకారమునకు మించిన రాతిని గూర్చి.

మావోరీలు తమ పచ్చరాతిని పౌనాము అందురు. న్యూజిలాండు దక్షిణద్వీపమునకు వారి భాషలో ఆ రాతిని బట్టియే పేరు వచ్చినది. ద్వీపపు పడమటి తీరమున అరాహురా అను నదియందు ఆ రాయి గుండ్లుగా దొరకును. పౌటినీ అను జలభూతము వైటైకి అను స్త్రీని ఎత్తుకొనిపోగా ఆమె భర్త తమాఅహువ వెంటాడెనట. తప్పించుకొను దారి లేక ఆ భూతము ఆమెను అరాహురా నదిలో పచ్చరాతిగా మార్చివేసెనట. మన అహల్య రాయియైన కథ విన్నవారికి ఇది వింతగా తోపదు. ఒక్క భేదము: అహల్యను మరల మనిషిని చేయుటకు ఒకరు వచ్చిరి; వైటైకి రాయిగనే నిలిచి జాతికంతకు సంపద యైనది.

ఆ రాతిలో రకములు పెక్కు. కారుపచ్చనిదానికి ఒక చెట్టు ఆకు పేరు, లేత తెలిపచ్చనిదానికి ఏటిలోని చిన్నచేప పేరు. అద్దమువలె వెలుతురు పారు మరియొక రకము వేఱు ఖనిజమునకు చెందినదే యైనను, దానికి కన్నీటి నీరు అను అర్థము వచ్చు పేరు పెట్టి ఆ జాతివారు పౌనాములోనే చేర్చుకొనిరి. ముఖ్యమగు రకము నెఫ్రైటు అను ఖనిజము. దాని లోపలి పోగులు నార పేనినట్లు ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండుటచే సమ్మెటదెబ్బకు సులభముగా పగులదు. ఇనుము లేని కాలమున అట్టి రాతిని ఎట్లు కోసిరి? ఇసుకరాతి పలకలను రంపమువలె అటునిటు లాగుచు, నడుమ నీరు పోయుచు, ఇరుప్రక్కల గాడి తీసి, గాడి లోతైన పిమ్మట విరిచెడివారు. బెజ్జము వేయుటకు, మన వడ్రంగి బరమాను త్రాటితో త్రిప్పినట్లు, రాతి మొన గల కఱ్ఱను త్రాటితో త్రిప్పెడివారు. ఒక్క పతకమునకు నెలలు పట్టెడివి.

ఆ పతకములలో ప్రసిద్ధమైనది హెయి టికి. హెయి యనగా మెడను వ్రేలాడునది. టికి యనగా మనుష్యాకృతి. కొన్ని తెగల కథలలో తొలి మానవుని పేరును అదియే. తల ప్రక్కకు వాల్చి, పెద్దకన్నులతో, కాళ్లు ముడుచుకొని కూర్చున్న చిన్న మూర్తి అది. దానిని కొందరు తొలి మానవునిగా చెప్పుదురు. కొందరు కాన్పులను కాచు హినె తె ఇవైవ అను దేవతతో ముడిపెట్టుదురు. స్త్రీలును పురుషులును ధరింతురు. తాతనుండి మనుమనికి, అమ్మమ్మనుండి మనుమరాలికి చేతులు మారిన కొలది దాని మహిమ పెరుగునని వారి నమ్మకము. వంశములలో నిలిచిన పతకములకు మనుష్యులకువలె పేరు లుండును. యజమాని మరణించినపుడు కొన్నివేళల దానిని అతనితో పూడ్చి, కొంతకాలమునకు మరల వెలికిదీసి, తరువాతి దుఃఖసమయములందు అందరి యెదుట నుంచెడివారు. రెండు తెగల నడుమ నిలుకడగల సంధి జరిగినచో దానికి పచ్చరాతి తలుపు అని పేరు. ఆ తలుపు ఒకమారు మూసికొన్న పిమ్మట యుద్ధము లోనికి రాలేదని భావము.

పద్దెనిమిదవ శతాబ్ది తుదినుండి ఐరోపావారి వలన ఇనుము వచ్చెను. ఇనుము వచ్చిన తరువాత రాతిబాడిసెతో పని తక్కువయైనది. ఐరోపావారు పతకములను కోరుట యెక్కువయైనది. అప్పుడు మావోరీలు పాతబాడిసెలను పెక్కింటిని హెయి టికిలుగా చెక్కిరి. కొన్ని పతకముల అంచున నేటికిని బాడిసె వాదర ఆనవాలు కనబడును. మన పల్లెలలో గొడ్డలి అరుగెక్కి కొలువు పొందినది. అచ్చట బాడిసె మెడకెక్కి మనుష్యాకృతి దాల్చినది. ఇందాక మేము చెప్పిన జోడు ఇదియే.

పచ్చరాతి పేరు చెప్పగనే నల్లగొండవారికి రెండు స్థలములు మనసునకు వచ్చును. నల్లగొండ పట్టణమునకు చేరువనున్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయము కలదు. ఒకప్పుడు స్వామికి పచ్చలు పొదిగియుండుటచే ఆ పేరు కలిగినదని స్థలమున చెప్పుకొందురు. రెండవది కొలనుపాక. అది ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. 2016లో జిల్లాలను విభజించుటకు ముందు నల్లగొండ జిల్లాలోనిదే. అచ్చటి జైనాలయమున మహావీరుని మూర్తి ఒకే పచ్చరాతిలో, జేడు రాతిలో, మలచినదని ప్రతీతి. జేడు అనెడి పేరును లోకము బహువిధములగు రాళ్లకు వాడుచున్నది. అందు నిజముగ రెండు ఖనిజములు కలిసియున్నవని 1863లో దమూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు విడదీసి చూపెను. మావోరీల నెఫ్రైటు ఆ రెంటిలో ఒకటి. కొలనుపాక మూర్తికి దణ్ణము పెట్టువానికి ఈ విభజనతో పని లేదనుట వేఱుసంగతి.

అదే కొలనుపాకలో సోమేశ్వరాలయము కలదు. అచ్చటి లింగమునుండి రేణుకాచార్యుడు ఆవిర్భవించెనని వీరశైవుల విశ్వాసము. కావున కన్నడదేశమునుండియు యాత్రికులు అచ్చటికి వత్తురు. ఇచ్చటనుండి మన రాతి కథ మొదలగును.

ఇష్టలింగమునకు సాధారణముగా వాడిన రాయి బూడిదవన్నె గల బలపపురాయి. పిల్లలు పలకపై వ్రాయు బలపమును ఆ జాతి రాతిలోనిదే. దానిని శ్రీశైలపర్వతమునుండి తెచ్చెడివారని పాతగ్రంథములు చెప్పుచున్నవి. పౌనామునకును దీనికిని ఎంత దూరమో చూడుడు. అది గాజును గీయగలది. ఇది గోరుతో గట్టిగా గీచిన గీత పడునంత మెత్తనిది. ఆ రాతిని చెక్కుటకు నెలలు కావలెను. దీనిని చిన్న యులితో ఒక పూటలో మలచవచ్చును. మావోరీ శిల్పి రాతి గట్టిదనమునే మహిమగా భావించెను. మనవారు నలిగిపోవుటకు సిద్ధముగానున్న రాతిని ఎన్నుకొని, దానిని కాపాడు భారమును ధరించువానిపై నుంచిరి. ఇది మా ఊహ, శాస్త్రవాక్యము కాదు. కాని ఇష్టలింగమును ధరించినవాడు దానిని ఎంత జాగ్రత్తతో చూచుకొనునో ఎఱిగినవారికి ఈ యూహ మరీ దూరముగా తోపదని నమ్ముచున్నాము.

దాని రూపమును పందొమ్మిదవ శతాబ్దిలో బొంబాయి ప్రభుత్వము ప్రకటించిన గెజిటీరులు కొలతలతో వర్ణించినవి. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమునందును ఈ విషయము కలదు. అడుగున గుండ్రని బిళ్ల. దానిపై మరియొక బిళ్ల. రెంటి నడుమ లోతైన గాడి. బిళ్ల అడ్డుకొలత సుమారు ముప్పాతిక అంగుళము. పైబిళ్ల నడుమ బఠాణీగింజ వంటి బుడిపె. ఆ బుడిపెకు బాణమని పేరు. పైబిళ్లకు జలహరి యనియు పీఠమనియు పేర్లు. గుడిలోని పెద్దలింగమును, నీరు జారిపోవు పానవట్టముతో సహా, వ్రేలిమొనపై నిలుచునంతగా కుదించిన రూపము అది. మొత్తము ఎత్తును ముప్పాతిక అంగుళమునకు మించదు.

ఇంత శ్రమపడి చెక్కిన రూపమును మరుక్షణము కప్పివేయుదురు. మెత్తనిరాయి నిత్యము నీటిలో తడిసి, చేతులలో ఒరసికొన్నచో అరిగిపోవును. కావున మట్టి, ఆవుపేడ కాల్చిన బూడిద, నల్లజీడి గింజల రసము కలిపి మెదిపి దానిపై దట్టముగా పూతపెట్టుదురు. ఆ పూత గట్టిపడి, నునుపై, కొనకు కొంచెము సన్నగించి, నల్లని పోకకాయ వలె నిగనిగలాడును. లోపలి బిళ్లలు, గాడి, బుడిపె ఏవియు బయటికి కనబడవు.

నల్లజీడిని గూర్చి ఒక్కమాట చెప్పక ముందునకు సాగలేము. ఆ చెట్టు మన పొడి అడవులలోను, నల్లమలలోను పెరుగును. దాని గింజరసము గాలి సోకగనే నల్లబడి, నీటికి చెక్కుచెదరని పూతగా నిలిచిపోవును. ఏ యింటి బట్ట ఏదియో గుర్తుండుటకు చాకలివారు మూలన చుక్కపెట్టుటకు వాడినది ఆ రసమే. చీనాదేశమున పెట్టెలకు, పళ్లెములకు అద్దమువంటి నునుపు తెచ్చు లక్కపూత ఏ చెట్టు పాలనుండి వచ్చునో ఆ చెట్టును నల్లజీడియు ఒకే కుటుంబమునకు చెందినవి. రెంటి రసములోని పదార్థములును దగ్గఱి చుట్టములు. రెండును చర్మము తాకినచో పొక్కు లెత్తించును. కావున లింగమునకు పూతపెట్టు పని జంకుతో చేయవలసిన పనియే. ఇన్ని గుణములు గల రసమును వెదకి పట్టుకొన్నవాని పేరు మనకు దక్కలేదు.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములని ప్రసిద్ధి: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. తుదివి రెండును పాత మహబూబ్‌నగరు జిల్లాలోనివే. అచ్చంపేట చేరువ కొండకొమ్మున నున్న ఉమామహేశ్వరమును దర్శించి, చెంచుల సీమయగు అమ్రాబాదు మెట్ట మీదుగా కృష్ణకు దిగి, శివరాత్రికి స్వామి సన్నిధి చేరుట ఈ వైపు యాత్రికుల పద్ధతి. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో పర్వతప్రకరణమని ఒక భాగమునే శ్రీశైలయాత్రకు కేటాయించెను. ఆ పర్వతపు రాయి మెడలో నున్నవానికి ఆ యాత్రతో తీరని సంబంధము ఏర్పడును. స్వామి యెచ్చటనో కొండపై నుండుట ఒకటి. ఆ కొండముక్క ఱొమ్ముపై నుండుట మరియొకటి.

లింగమును చిన్న వెండికాయలో నుంచి దారముతో మెడలో కట్టుకొందురు. కలిగినవారికి బంగారుకాయ, లేనివారికి గుడ్డముడి. నాభికి క్రిందుగా దానిని ధరింపరాదని శాస్త్రము. కంఠమున, ఱొమ్మున, భుజమున ధరింతురు. పూజావేళ కాయ విప్పి లింగమును ఎడమ అరచేతిలో నుంచుకొని, నీటితో కడిగి, విభూతి పూసి, పత్రి పెట్టి, కన్నులకు ఎదురుగా నెత్తి చూచుచుందురు. ఆ నల్లని నునుపునందు దీపపు వెలుగు చుక్కవలె నిలుచును. ఆ చుక్కపై చూపు నిలిపి, చూపుతో పాటు మనస్సును నిలుపుట ఆ పూజలోని ముఖ్యసాధన. పైపూత రాతిని కాపాడుటకే పుట్టినదైనను, సాధకునికి చూపు నిలుచు చోటును అదియే యైనది. పనిముట్టు నేర్పును, భక్తి నేర్పును ఇంత చక్కగా ఒకచోట కలిసిన సందర్భములు మాకు తఱచుగా కనబడలేదు.

వీరశైవుల సిద్ధాంతములో లింగము మూడు విధములు. చేతిలోనిది ఇష్టలింగము, ప్రాణమునందున్నది ప్రాణలింగము, భావమునందున్నది భావలింగము. ఈ మూడును స్థూల, సూక్ష్మ, కారణ శరీరములకు వరుసగా సరిపోవునందురు. గురువు దీక్షాసమయమున శిష్యుని లోపలి చైతన్యమునే బయటికి దీసి రాతిలో నిలిపి అతని చేతికిచ్చునని వారి భావన. కావున అంగడిలో కొన్న రాయి లింగము కాదు. గురుహస్తము సోకినపుడే యగును. మావోరీలలోను ఇట్టి మాట యున్నది. పచ్చరాతి పతకమును ఎవడును తనకై తాను కొనుక్కొనరాదు, ఇంకొకరు ఇయ్యగా గ్రహింపవలెనని అచ్చట పలువురు చెప్పుదురు. వేలమైళ్ల దూరమున, ఒకరి ఉనికి ఒకరికి తెలియని జాతులు, రాతికి విలువ చేతినుండి వచ్చునని ఒకే విధముగా తలచినవి.

ఈ రాయి ఎవరెవరి మెడ నెక్కినది అనునది అసలైన విషయము. పన్నెండవ శతాబ్దిలో కల్యాణపురమున బసవేశ్వరుని కాలమున సాగిన ఉద్యమము చాకలిని, కుమ్మరిని, అంటరానివాడని ఊరు వెలివైచినవానిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టెను. బసవపురాణము చదివినవారికి మడివాలు మాచయ్యను, కుమ్మరి గుండయ్యను కొత్తగా పరిచయము చేయనక్కరలేదు. గుడిలోనికి రానీయనివాడు గుడి తలుపు కడ నిలిచి బ్రతిమాలుట మాని, గుడిని మెడలో కట్టుకొనెను. దీనికంటె పెద్దమార్పు స్త్రీవిషయమున జరిగినది. ఉపనయనము మగబిడ్డకే యని యున్న సమాజమున ఆడుబిడ్డకును అదే రాతిని, అదే మంత్రముతో, అదే గురువు కట్టెను. పసికందుగా నున్నపుడే కట్టుదురు. కడుపులోని బిడ్డకై తల్లికి కట్టు ఆచారమును కలదు.

ఉన్నదున్నట్లు చెప్పవలెనన్నచో, ఆ మాట పూర్తిగా నిలువలేదు. కాలము గడచిన కొలది లింగధారులలోను కులములు, ఎక్కువతక్కువలు మరల తలయెత్తినవి. జంగమునకు ఒక పీట, నేతగానికి ఒక పీట. తెలుగుదేశమున మల్లికార్జున పండితారాధ్యుని అనుయాయులగు ఆరాధ్యులు జందెమును విడువక లింగమును ధరించిరి. రెండును ఒకే ఱొమ్మున నుండవచ్చునా యని ఆనాడు వాదములు చెలరేగినవి. అయినను మెడలోని రాయి మాత్రము అందరికిని ఒకే కొలత. వెండికాయ బరువు ఇల్లిల్లుకు మారును. లోపలి రాయి మారదు. ఎవని కాయను విప్పినను పోకకాయంత నల్లనిరాయియే.

దానిని పోగొట్టుకొన్నవాని గతి యేమి? శాస్త్రములు కఠినముగా పలికినవి: లింగము జాఱిపోయినచో ప్రాణమును విడువవలెనని. ఆచారము అంత కఠినము కాలేదు. గురువు కడకు పోయి, విధింపబడిన నియమములు జరిపి, క్రొత్త లింగమును గట్టించుకొనుట పరిపాటి. శాస్త్రము రాతి విలువను చెప్పినది. ఆచారము మనిషి విలువను చెప్పినది. మాకు రెండవదానిపై నెక్కువ గౌరవము.

నారాయణపేట వైపు, తెలుగును కన్నడమును ఇల్లిల్లునను కలిసిపోయిన ఒక యూరిలో, ఎనుబదియేండ్లు దాటిన ఒక యవ్వను మేము కలిసికొంటిమి. మెడలో వెండికాయ అరిగి అద్దమువలె నున్నది. ఎంత పెట్టి కొన్నారని తెలియక మాలో ఒకరు అడిగిరి. ఆమె నవ్వి, "కాయకు పైసలు వెట్టినం బిడ్డా, లోపలిదానికి పైసలేడివి? నేను తొట్టెల్ల ఉన్ననాడు సామి కట్టిండు. నాతోని పెరిగింది. నేను పోయిననాడు నాతోనే పోతది" అనెను. తన యీడువా రెవరును మిగులలేదని ఆమె చెప్పెను. ఆమెకంటె ముందునుండి ఆమెను ఎఱిగినది ఆ యూరిలో ఆ రాయి యొక్కటియే కావచ్చును.

ఆమె పలికిన తుదిమాట అక్షరాల నిజము. వీరశైవుల శవమును కాల్చరు. కూర్చున్న భంగిమతో సమాధిలో దింపి, ఎడమచేతిలో ఇష్టలింగమును ఉంచి, విభూతితో మట్టితో కప్పుదురు. మావోరీల పతకము సమాధినుండి మరల వెలికివచ్చి మనుమనిని చేరును. మన రాయి వెలికి రాదు. దానిని వారసత్వముగా పొందువారు లేరు. ఒక మనిషికి ఒక రాయి, ఒక రాతికి ఒక మనిషి. ఎనిమిదివందల యేండ్లుగా ఎన్ని లింగములు మలచబడినవో లెక్కవేయువారు లేరు. ఈ నేలలో ఎన్ని అరచేతులలో అవి యున్నవో చూడబోవువారును లేరు. ప్రదర్శనశాలలలో హెయి టికిలు వరుసలు తీరియుండగా మన శిల్పము కనబడకపోవుటకు ఇదియే ముఖ్యకారణము. మనకు శిల్పము లేకపోలేదు. అది తన యజమానిని విడిచి రాదు.

అచ్చట పచ్చరాతిని కాపాడుటకు చట్టము వచ్చినది. 1997లో న్యూజిలాండు పార్లమెంటు దక్షిణద్వీపమునందలి పౌనాముపై స్వామ్యమును అచ్చటి ఙై తాహు తెగకు అప్పగించుచు శాసనము చేసినది. అయినను యాత్రికులకై అంగళ్లలో అమ్మెడి పతకములలో విదేశములనుండి దిగుమతియైన జేడుతో చేసినవి చాలగలవు. కొనువాడు అడిగి తెలిసికొనవలసినదే. మనకు అట్టి చట్టముతో పని లేదు. బలపపురాతిని దొంగిలించువారు ఎవరు? మన ఇబ్బంది వేఱు. ఒక తరము రాయి మరియొక తరమునకు చేరని యాచారమున, పుట్టిన ప్రతిబిడ్డకును క్రొత్తరాయి కావలెను. అనగా చెక్కువాడు ఎల్లప్పుడు నుండవలెను. పతకములు నిలిచియున్నందున మావోరీలు నడుమ ఒక తరము ఉలి దించినను మరల పాతవానిని చూచి నేర్చుకొనగలిగిరి. ఇచ్చట పాతది చూచి నేర్చుకొనుటకు పాతది మిగులదు. చేతినుండి చేతికి రావలసిన విద్య ఒక్కచేతి కడ ఆగినచో, తరువాత చూపుటకు ఏమియు నుండదు.

దీక్షాదినమున లింగమును తెచ్చుట నేడు చాలమందికి తీర్థపు అంగడి పనియైనది. రాయి ఏ కొండదో, ఉలి ఎవరిదో, పూతలో జీడిరసము పాలెంతో అడుగువారు అరుదు. ఈ ప్రసంగమును వినుచున్న యిండ్లలో, లేదా వారి పొరుగున, ఈ పనిని కన్నులార చూచిన పెద్దలు ఉండవచ్చును. బూడిదను ఎన్ని మారులు వస్త్రగాళితము చేసిరి, గింజలను ఏ మాసమున ఏరిరి, రసము తీయునపుడు చేతులకు ఏ నూనె పూసికొనిరి, పూత ఎన్నిదినములు నీడన ఆరినది, ఆరిన పిదప దేనితో నునుపు పెట్టిరి: ఈ సంగతులను వారు చెప్పగా ఒక కాగితముపై వ్రాసి, ఇంటి పంచాంగముతో పాటు భద్రపఱచుడు. పల్లెలో దీక్ష జరిగినపుడు, పూత పెట్టని రాతిని ఒక్కక్షణము చూపుమని అడిగి, బుడిపెను, గాడిని, పీఠమును పిల్లలకు చూపుడు. పూత పడిన పిమ్మట అది మరల కనబడదు.